బ్రినెల్ నంబర్ ఒకటే, లోపల ఉక్కు వేరు: బెయినైట్ ఫోర్జింగులతో నా అనుభవం

పటాన్‌చెరు వైపు ఒక ఫోర్జింగ్ షాపులో మెటలర్జీ చూసుకునే ఉద్యోగం నాది. షాపు పేరూ కస్టమర్ పేరూ ఇక్కడ రాయను, అవి లేకపోయినా విషయానికి వచ్చే లోటు లేదు. ట్రక్కుల ఫ్రంట్ యాక్సిల్‌కి వెళ్లే, చక్రాన్ని పట్టి తిప్పే స్టీరింగ్ నకిల్ మాకు పెద్ద పార్టు. ఎన్నో ఏళ్లుగా దాన్ని ఈఎన్ 19 అనే క్రోమియం, మాలిబ్డినం ఉక్కుతో కొట్టేవాళ్లం. డ్రాయింగులో 42సీఆర్ఎంఓ4 అని ఉంటుంది కానీ షాపులో ఎవరూ అలా అనరు. బిల్లెట్‌ని ఇండక్షన్‌లో 1200 డిగ్రీలు దాటేదాకా కాచడం, ప్రెస్సు కింద కొట్టడం, నేలమీద పడేసి చల్లార్చడం, మళ్లీ ఫర్నేస్‌లో 860కి వేడి చేసి ఆయిల్‌లో ముంచడం, (క్వెంచింగ్ అంటే ఇదే), మళ్లీ 600 దగ్గర కాచి పెళుసు తగ్గించే టెంపరింగ్, వంకర పోయినవాటిని ప్రెస్సు కింద పెట్టి సరిచేయడం, క్వెంచింగ్‌లో పగుళ్లు వచ్చాయేమో ఒక్కొక్కటీ మ్యాగ్నెటిక్ పార్టికల్ టెస్టులో చూడటం. ఎర్రగా చేతికొచ్చిన పార్టుని చల్లార్చుకుని, మళ్లీ డబ్బు పెట్టి రెండుసార్లు వేడి చేస్తున్నామన్నమాట. గ్యాస్ బిల్లు సంతకం పెట్టే ఆయనకి ఇది ఎప్పుడూ మింగుడుపడలేదు.

కస్టమరే ఒకరోజు బెయినైట్ గ్రేడ్ పెడదాం అన్నాడు, అంటే చల్లారేటప్పుడు లోపల బెయినైట్ అనే సన్నటి పలకల నిర్మాణం వచ్చే ఉక్కు. ఫోర్జింగ్ వేడితోనే పార్టుని ఒక పద్ధతిలో చల్లారిస్తే చాలు, క్వెంచింగ్ లేదు, ఆయిల్ లేదు, వంకర్లు సరిచేయడం లేదు, స్ట్రెంగ్త్ మాత్రం ఈఎన్ 19కి దీటుగా 1000 మెగాపాస్కల్ పైన. మీటింగులో వినడానికి చాలా బాగుంది. మా మేనేజ్‌మెంట్‌కి అందులో "హీట్ ట్రీట్‌మెంట్ అక్కర్లేదు" అన్న ఒక్క ముక్కే వినపడింది. నాకు మాత్రం హీట్ ట్రీట్‌మెంట్ ఎక్కడికీ పోలేదనీ, ఫర్నేస్‌లోంచి దిగి కన్వేయర్ మీదికి వచ్చిందనీ అనిపించింది. ఫర్నేస్‌కైతే కంట్రోలర్ ఉంటుంది, చార్ట్ ఉంటుంది, క్యాలిబ్రేషన్ స్టిక్కర్ ఉంటుంది. కన్వేయర్‌కి ఏముంది? నాలుగు ఫ్యాన్లు, చివర్లో ఒక ఇనుప బిన్ను.

బెయినైట్ నాకు కొత్త కాదు. ఎం.టెక్ ప్రాజెక్టులో సాల్ట్ బాత్ దగ్గర దీంతోనే కుస్తీ పట్టాను. సోడియం నైట్రేట్, పొటాషియం నైట్రేట్ సగం సగం కలిపితే 220 డిగ్రీల దగ్గర కరిగి నీళ్లలా తేటగా అవుతుంది. పక్క ఫర్నేస్‌లోంచి ఎర్రటి సాంపిల్ తీసి అందులో వేసి, టైమ్ చూసుకుంటూ నిలబడాలి. ఒక్క నీటిచుక్క పడినా ఉప్పు ఎగిరి మొహం మీద పడుతుంది, అందుకే పట్టకార్లు కూడా ముందే వేడి చేసుకునేవాళ్లం. 1930లో అమెరికాలో యునైటెడ్ స్టేట్స్ స్టీల్ ల్యాబులో డేవెన్‌పోర్ట్, బెయిన్ చేసింది కూడా ఇంచుమించు ఇదే పని: చిన్న సాంపిళ్లని ఒకే వేడి దగ్గర వేర్వేరు సేపులు నిలబెట్టి లోపల ఏం మారిందో చూశారు. మనం పరీక్షల్లో గీసే టీటీటీ డయాగ్రమ్ (ఏ వేడి దగ్గర ఎంతసేపటికి ఉక్కు ఏ రూపంలోకి మారుతుందో చూపే పటం) అక్కడినుంచి వచ్చిందే. ఆ కాలేజీ రోజుల్లో మాకందరికీ కేంబ్రిడ్జిలో భాదేషియా, కబయెరో వాళ్లు చేసిన నానో బెయినైట్ మీద మోజు. 200 డిగ్రీల దగ్గర పది రోజులకు దగ్గరగా కదలకుండా ఉంచితే 20 నుంచి 40 నానోమీటర్ల మందం పలకలు వచ్చే ఉక్కు అది. పది రోజులు! షాపులో మాకు ఒక నకిల్‌కి దొరికేది గంట కూడా కాదు.

ల్యాబుకీ షాపుకీ అసలు తేడా కూడా అక్కడే ఉంది. ల్యాబులో సాంపిల్ అగ్గిపుల్లంత ఉంటుంది, బాత్‌లో వేయగానే మొత్తం ఒకే వేడికి వచ్చేస్తుంది. నకిల్ అలా కాదు. మధ్యలో 50 మిల్లీమీటర్ల పైన మందం ఉన్న బాస్ అనే ముద్ద భాగం, పక్కకి 22 మిల్లీమీటర్ల చేతులు, కిందికి పొడవాటి కాడ. ఫ్యాన్ గాలికి చేతులు ముందే నల్లబడిపోతే బాస్ ఇంకా చెర్రీ రంగులో ఉంటుంది. ఒకే పార్టులో రెండు మూడు కూలింగ్ రేట్లు.

గ్రేడు సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. కార్బన్ 0.22 శాతం, మాంగనీస్ 1.5, సిలికాన్ 1.2, క్రోమియం 1.2, మాలిబ్డినం 0.1 చుట్టుపక్కల, కొంచెం వెనేడియం, చిటికెడు టైటానియం, 25 పీపీఎం బోరాన్. బోరాన్, మాలిబ్డినం ఎందుకంటే నెమ్మదిగా చల్లారితే వచ్చే మెత్తటి రూపాలైన ఫెరైట్, పెర్లైట్ తొందరగా పుట్టకుండా ఆపడానికి. వాటివల్ల కూలింగ్ కొంచెం అటూ ఇటూ అయినా బెయినైటే వస్తుంది. బోరాన్ పని చేయాలంటే అది నైట్రోజన్‌తో కలిసిపోకూడదు, అందుకని టైటానియం వేసి నైట్రోజన్‌ని ముందే కట్టేస్తారు. మిల్లు సర్టిఫికెట్ రాగానే నేను మొదట చూసేది టైటానియం, నైట్రోజన్‌కి కనీసం 3.4 రెట్లు ఉందా లేదా అని. అది లేకపోతే బోరాన్ కాగితం మీద ఉన్నా ఉక్కులో లేనట్టే. ఇక సిలికాన్ చేసే పని మరొకటి. మామూలు బెయినైట్‌లో కార్బన్ సిమెంటైట్ అనే గట్టి కార్బైడ్‌గా మారి పలకల మధ్య పెళుసు గీతల్లా మిగులుతుంది. సిలికాన్ ఉంటే సిమెంటైట్ పుట్టడం ఆలస్యమవుతుంది, కార్బన్ పక్కనున్న, బెయినైట్‌గా ఇంకా మారని వేడి రూపమైన ఆస్టెనైట్‌లోకి వెళ్లి చేరుతుంది, ఆ ఆస్టెనైట్ చల్లబడ్డాక కూడా పలుచని పొరల్లా నిలిచిపోతుంది. దెబ్బ తగిలినప్పుడు పగులుని సాగనివ్వకుండా ఆపేవి ఆ పొరలే.

బెయినైట్ ఏ వేడి దగ్గర మొదలవుతుందో తెలుసుకోడానికి స్టీవెన్, హేన్స్ 1956లో ఇచ్చిన లెక్క ఇప్పటికీ షాపులో పనికొస్తుంది. 830లోంచి కార్బన్ శాతాన్ని 270తో, మాంగనీస్‌ని 90తో, నికెల్‌ని 37తో, క్రోమియంని 70తో, మాలిబ్డినాన్ని 83తో గుణించి తీసేయాలి. మా గ్రేడుకి 543 వస్తుంది. వాళ్లదే మార్టెన్‌సైట్ (తొందరగా చల్లారితే వచ్చే గట్టి, పెళుసు రూపం) లెక్క వేస్తే 385. ఆ లెక్కల్లో సిలికాన్ లేదు కాబట్టి అంకెల్ని గట్టిగా పట్టుకోకూడదు కానీ పని చేయాల్సిన కిటికీ ఎక్కడుందో తెలిసిపోతుంది: 540 నుంచి 390 దాకా. 900 నుంచి 550 వరకు తొందరగా దించాలి, ఆ తర్వాత నెమ్మదించాలి.

మొదటి లాట్లు బాగానే వచ్చాయి. ఇంజనీర్లు పక్కనే నిలబడి చేసిన లాట్లు ఎక్కడైనా బాగానే వస్తాయి. పార్టుల మధ్య దూరం ఉంచి, ప్రెస్సు నెమ్మదిగా నడిపి, ఫ్యాన్ల దగ్గర మేమే కాపలా కాసి చేశాం. హార్డ్‌నెస్ 310 నుంచి 330 బీహెచ్ఎన్ (బ్రినెల్ హార్డ్‌నెస్ నంబర్), చార్పీ (నాచ్ అనే గాటు పెట్టిన ముక్క దెబ్బకి విరగడానికి పట్టే శక్తి) 35 జౌల్స్ పైమాటే. అందరం చేతులు కలుపుకున్నాం. ప్రొడక్షన్ మొదలైన కొన్నాళ్లకి కస్టమర్ ల్యాబు నుంచి మెయిల్ వచ్చింది. ఒక లాటులో చార్పీ 12, 14, 13. డ్రాయింగులో ఉన్నది కనీసం 27. ప్రూఫ్ స్ట్రెస్ (ఉక్కు శాశ్వతంగా సాగడం మొదలుపెట్టే ఒత్తిడి) కూడా తక్కువ.

మా రికార్డులు తీస్తే అదే లాటుకి బ్రినెల్ 321, 315, 321, 326. అంటే మొదటి లాట్లకీ దీనికీ హార్డ్‌నెస్‌లో ఏ తేడా లేదు. క్వాలిటీ డిపార్ట్‌మెంట్ వాళ్లు "హార్డ్‌నెస్ ఓకే కదా, వాళ్ల నాచ్ సరిగ్గా కొయ్యలేదేమో" అని కస్టమర్ ల్యాబు మీదికే నెట్టేశారు. నాచ్ సరిగ్గా లేకపోతే చార్పీ మారడం నిజమే. కానీ ప్రూఫ్ స్ట్రెస్ కూడా పడిపోతే నాచ్ మీద ఎలా వేస్తాం?

ఇక్కడ బ్రినెల్ గురించి ఒక మాట. పది మిల్లీమీటర్ల గుండు, 3000 కిలోల బరువు, 321 వచ్చినప్పుడు పడే గుంట వ్యాసం 3.40 మిల్లీమీటర్లు. ఆ గుంట కింద వేల గ్రెయిన్లు (ఉక్కు లోపలి స్ఫటికాలు) ఉంటాయి. మెత్తటి ముద్దలో గట్టి పలుకులు ఉన్నా, అంతా ఒకే రకంగా సన్నగా ఉన్నా, సగటు అదే రావచ్చు. ఈఎన్ 19ని క్వెంచ్, టెంపర్ చేసినప్పుడు లోపలి స్ట్రక్చర్ ఒకే రకం కాబట్టి హార్డ్‌నెస్ చూసి మిగతావన్నీ ఊహించవచ్చు. ముప్పై ఏళ్లుగా ఆ అలవాటుతో బతికిన షాపు మాది. బెయినైట్ దగ్గర ఆ అలవాటు చెల్లదు, ఈ పోస్టు రాస్తున్నది కూడా ముఖ్యంగా ఆ మాట చెప్పడానికే.

ఫెయిల్ అయిన లాటులోంచి ముక్కలు కోసి పాలిష్ చేశాం. రెండు శాతం నైటాల్ (ఆల్కహాల్‌లో నైట్రిక్ యాసిడ్) పూసి మైక్రోస్కోపులో చూస్తే అంతా బూడిదరంగు గజిబిజి, బెయినైట్ అంటే బెయినైట్, మార్టెన్‌సైట్ అంటే మార్టెన్‌సైట్, చూసేవాళ్ల ఓపికని బట్టి. అందుకని ఒక్కో రూపానికి ఒక్కో రంగు ఇచ్చే లెపెరా ఎచ్ వాడాను. నాలుగు శాతం పిక్రాల్ (ఆల్కహాల్‌లో పిక్రిక్ యాసిడ్) ఒక వంతు, ఒక శాతం సోడియం మెటాబైసల్ఫైట్ నీటి ద్రావణం ఒక వంతు, వాడే ముందు అప్పటికప్పుడు కలపాలి, కలిపి ఉంచితే పనికిరాదు. పిక్రిక్ యాసిడ్ సీసాలో ఎండిపోకుండా చూసుకోవాలి, ఎండితే అది పేలుడు పదార్థం, మూత దగ్గర స్ఫటికాలు కట్టిన సీసాని ముట్టుకోకుండా సేఫ్టీ వాళ్లని పిలవాలి. ఎచ్ సరిగ్గా పడితే బెయినైట్ గోధుమరంగులోకి వెళ్తుంది, మార్టెన్‌సైట్, ఆస్టెనైట్ కలిసి ఉన్న ద్వీపాలు తెల్లగా మెరుస్తాయి. మంచి లాటులో తెల్లటివి సన్నటి గీతల్లా ఉన్నాయి. ఫెయిల్ అయినదానిలో తెల్లటి గడ్డలు, మూలలు తేలి, అక్కడక్కడా గ్రెయిన్ అంచుల వెంట ఫెరైట్. మైక్రో వికర్స్‌తో (చిన్న వజ్రపు మొనతో హార్డ్‌నెస్ కొలిచే పరీక్ష) తక్కువ లోడు పెట్టి గుచ్చితే ఒక చోట 260, పక్కనే 480. బ్రినెల్ వీటన్నిటినీ కలిపి 321 అని చెప్తోంది.

అలాంటి తెల్ల గడ్డలు వచ్చాయంటే పార్టు 600 నుంచి 500 మధ్య చాలాసేపు కూర్చుందని అర్థం. పై వేడిలో బెయినైట్ కొంతవరకే పుట్టి ఆగిపోతుంది, ఎంతసేపు ఉంచినా ముందుకు పోదు. చుట్టూ మిగిలిన ఆస్టెనైట్ గడ్డలుగా నిలిచిపోయి, చల్లబడ్డాక అందులో కొంత మార్టెన్‌సైట్ అవుతుంది. పగులు మొదలవడానికి అంతకన్నా అనువైన చోటు ఉండదు. ప్రూఫ్ స్ట్రెస్ తగ్గడానికీ ఇదే కారణం, గడ్డ చుట్టూ ఉన్న మెత్తటి ఫెరైట్ ముందే జారడం మొదలుపెడుతుంది.

కానీ కన్వేయర్ రికార్డుల్లో అన్నీ సరిగ్గానే ఉన్నాయి, ఫ్యాన్లు ఆన్, స్పీడు ఓకే. ఫోర్‌మన్ అన్నని అడిగాను. ఇరవై ఏళ్లకు పైగా హామర్ల దగ్గర, ప్రెస్సుల దగ్గర పని చేసిన మనిషి. "నైట్ షిఫ్టుల టార్గెట్ పెంచిన్రు గద సార్, ప్రెస్సు ఉరికితే కన్వేయర్ గూడ ఉరకాలె. లేకుంటె ట్రిమ్మింగ్ కాడ జామయితది" అన్నాడు. స్పీడు ఓకే అంటే మ్యాగ్జిమం లోపల ఉందని, అంతే. మరి చివర్లో బిన్నులో పడేటప్పటికి పార్టు ఎంత వేడిగా ఉంటోంది అంటే "ఎర్రగ లేదు సార్, నల్లగనే ఉంటది" అన్నాడు. నల్లగా ఉండటమే అసలు చిక్కు. షాపు వెలుతురులో 600 డిగ్రీల ఇనుము కూడా నల్లగానే కనిపిస్తుంది.

దూరం నుంచి వేడి కొలిచే పైరోమీటర్ పెట్టి చూద్దామంటే స్కేల్ (పైన కట్టే ఆక్సైడ్ పొర) గొడవ. పైన పొర లేచిన చోట కొలిస్తే లోపలి ఉక్కు కన్నా చాలా తక్కువ చూపిస్తుంది, పొర రాలిన చోట మరొక రీడింగ్. చూసుకుని చూసుకుని విసిగిపోయి చివరికి పాత పద్ధతికే వచ్చాం. ఒక నకిల్‌లో బాస్ మధ్యలోకి ఒకటి, చెయ్యి మధ్యలోకి ఒకటి 3 మిల్లీమీటర్ల రంధ్రాలు కొట్టించి, ఫర్నేస్‌లో మళ్లీ ఫోర్జింగ్ చివరి వేడికి తెచ్చి, కె టైప్ థర్మోకపుల్స్ (వేడి కొలిచే తీగలు) దించి, మిగతా పార్టుల మధ్య కన్వేయర్ మీద పెట్టాం. కేబుల్ పట్టుకుని ఒక కుర్రాడు పక్కన నడుస్తుంటే డేటా లాగర్ బల్ల మీద పెట్టి నేనూ ఫోర్‌మన్ అన్నా చూస్తూ నిలబడ్డాం. అందరూ మమ్మల్ని చూసి నవ్వుకున్నారు, పెళ్లి ఊరేగింపులో లైటు పట్టుకున్నట్టుంది అని ఎవరో అన్నారు కూడా.

గ్రాఫు చూశాక ఎవరూ నవ్వలేదు. పెంచిన స్పీడులో బిన్నులో పడేసరికి చెయ్యి 480 దగ్గర ఉంది, బాస్ మధ్య మాత్రం 610. పార్టు బిన్నులో మిగతావాటి మధ్య పడ్డాక బాస్ గ్రాఫు దాదాపు అడ్డంగా పడుకుంది. చెయ్యి వేడి 480 నుంచి తిరిగి పైకి వెళ్లింది, చుట్టూ ఉన్న వేడి పార్టుల వల్ల కొంత, బెయినైట్ పుట్టేటప్పుడు వదిలే వేడి వల్ల కొంత. బయట ఒంటరిగా చల్లారే పార్టులో కూడా 500 దగ్గర గ్రాఫు కొంచెం వంగడం కనిపిస్తుంది, అదే బెయినైట్ మొదలైన గుర్తు, కానీ గాలి ఆడుతుంటే ఆ వేడి పోతుంది. బిన్ను నడిమధ్య ఉన్న పార్టుకి పోయే దారి లేదు. "బిన్నుల పడ్డంక మన చేతిల లేదు సార్" అన్నాడు అన్న. ఫెయిల్ అయినవి ఏ పార్టులన్నది కూడా అప్పుడు తేలింది. బిన్ను అంచుల్లో పడ్డవి బాగానే ఉన్నాయి, నడిమధ్యవే పోయాయి. కస్టమర్ ల్యాబుకి వెళ్లిన మూడూ మధ్యలోవి కావడం వాళ్ల అదృష్టం, మాకు కూడా ఒక రకంగా అదృష్టమే.

ఫ్యాన్లు పెంచితే సరిపోతుంది కదా అని ప్రొడక్షన్ వాళ్లు వెంటనే అన్నారు. పెంచి చూశాం. బాస్ దిగింది కానీ చేతులు 385 కిందికి ముందే జారిపోయి, బెయినైట్ సరిగ్గా పుట్టకుండానే మార్టెన్‌సైట్ అయ్యాయి, హార్డ్‌నెస్ 400 దాటింది. మెషిన్ షాపు వాళ్లు డ్రిల్లు బిట్లు పట్టుకుని నా దగ్గరికి వచ్చేశారు. వాళ్లకి ఈ గ్రేడు మీద మొదటినుంచీ కోపమే. ఈఎన్ 19తో పోలిస్తే ఇన్‌సర్టులు తొందరగా పోతున్నాయి, ఎందుకంటే నిలిచిన ఆస్టెనైట్ టూలు ఒత్తిడికి మార్టెన్‌సైట్ అయి పైపొర గట్టిపడుతుంది. వాళ్లు చెప్పేది నిజమే. ఫోర్జింగ్‌లో మిగిలే డబ్బులోంచి కొంత మెషినింగ్‌లో పోతుంది, ఈ గ్రేడు అమ్మేవాళ్లు ఆ లెక్క తమంతట తాము చెప్పరు, మనమే అడగాలి.

చివరికి కుదిరిన పద్ధతి ఇది. నకిల్స్ ఒకదానిమీద ఒకటి పడకుండా కాడ కిందికి ఉండేలా హ్యాంగర్లు చేయించాం, మధ్యలో చెయ్యి పట్టేంత ఖాళీ. మొదటి భాగంలో ఫ్యాన్లకి డ్రైవ్ పెట్టి స్పీడు మార్చుకునేలా చేసి, గాలిని నాజిల్స్‌తో నేరుగా బాస్ మీదికే తిప్పి, చేతుల ముందు రేకు అడ్డం పెట్టాం. ఆ రేకు ఆలోచన ఫోర్‌మన్ అన్నది, మా డిజైన్ వాళ్లది కాదు. బాస్ 900 నుంచి 550 దాకా సెకనుకి ఒక డిగ్రీకి తగ్గకుండా దిగేలా, అంటే ఆరు నిమిషాల లోపల. చేతులు అప్పటికి 430 పైనే ఉండాలి. అక్కడినుంచి సిరామిక్ ఊల్ పరిచిన ఒక టన్నెల్, ఫ్యాన్ లేదు, బర్నర్ లేదు, పార్టుల సొంత వేడితోనే లోపల 400 నుంచి 430 నిలుస్తుంది. అందులో అరగంట. బాస్, చెయ్యి దగ్గర దగ్గరగా వస్తాయి, బెయినైట్ అక్కడ పూర్తవుతుంది, మిగిలే ఆస్టెనైట్ సన్నటి పొరలుగా, కార్బన్ నిండి గట్టిగా ఉంటుంది. టన్నెల్ దాటాక గాలిలో దిగి 250 కిందికి వచ్చాకే బిన్ను.

హోల్డింగ్ ఇంకా పైన, 480 దగ్గర పెడితే తొందరగా అయిపోతుంది కదా అని అడిగారు. పై వేడిలో రియాక్షన్ మొదట్లో తొందరగానే సాగుతుంది, కానీ తక్కువ బెయినైట్ దగ్గరే ఆగిపోతుంది, మళ్లీ తెల్ల గడ్డలు. మార్టెన్‌సైట్ మొదలయ్యే వేడికి కొంచెం పైన ఉంచడమే మేలు. ల్యాబులో డైలటోమీటర్ మీద ఇదే గ్రేడు 4 మిల్లీమీటర్ల సాంపిల్స్‌తో చేయించి చూశాం, పొడవు పెరగడం ఎక్కడ ఆగిందో చూస్తే బెయినైట్ ఎక్కడ ఆగిందో తెలుస్తుంది. మీటింగులో అందరి నోళ్లూ మూయించింది ఆ గ్రాఫే.

తర్వాత టెంపరింగ్ గొడవ. టన్నెల్ నుంచి వచ్చినవాటికి చార్పీ బాగుంది, టెన్సైల్ 1060 పైన, కానీ ప్రూఫ్ స్ట్రెస్ 650 దగ్గరే తిరుగుతోంది, డ్రాయింగు అడిగేది 700. ఈఎన్ 19 అలవాటుతో ఒకరు 550లో టెంపర్ చేద్దాం అన్నారు. 450లో చేసి చూస్తేనే చార్పీ సగానికి పడింది. హైదరాబాదులో ఒక బయటి ల్యాబులో ఎక్స్‌రే డిఫ్రాక్షన్ చేయిస్తే, టెంపర్ చేయనిదాంట్లో పది శాతం దాకా ఉన్న ఆస్టెనైట్, 450 టెంపరింగ్ తర్వాత దాదాపు లేకుండా పోయింది. కష్టపడి నిలబెట్టుకున్న పొరలన్నీ విరిగి కార్బైడ్లు అయిపోయాయి. 300లో రెండు గంటలు పెడితే మాత్రం ఆస్టెనైట్ అలాగే ఉంది, గడ్డల్లోని మార్టెన్‌సైట్ కొంచెం మెత్తబడి, ప్రూఫ్ స్ట్రెస్ 780కి వచ్చింది, చార్పీ తగ్గలేదు. "హీట్ ట్రీట్‌మెంట్ అక్కర్లేదన్నారుగా" అని మేనేజ్‌మెంట్ చాలా రోజులు సణిగింది. పాత టెంపరింగ్ ఫర్నేస్ ఎలాగూ ఖాళీగా పడి ఉంది, 600 బదులు 300, క్వెంచింగ్ లేదు, గ్యాస్ బిల్లు అప్పటికీ తక్కువే. ఒప్పుకున్నారు.

ఇప్పుడు ఇంకెవరైనా ఈ దారిలో వెళ్తుంటే వాళ్లకి పనికొచ్చే చిన్న విషయాలు కొన్ని ఉన్నాయి. డై మార్చేటప్పుడు ప్రెస్సు ఆపితే కన్వేయర్ కూడా ఆపేయడం షాపులో అందరికీ చేతి అలవాటు. అప్పటికి ఫ్యాన్ల ముందు నిలిచిపోయినవి మార్టెన్‌సైట్ అవుతాయి, ఫ్యాన్ల మధ్య ఖాళీలో నిలిచినవి మెత్తబడతాయి. ఇప్పుడు ప్రెస్సు ఆగినా కన్వేయర్ నడుస్తూనే ఉండాలి. కరెంటు పోయి ఆగితే లైను మీదున్న ప్రతి పార్టుకీ ఎర్ర ట్యాగ్. ట్యాగ్ పడ్డవాటిని పారేయం, 920కి మళ్లీ కాచి అదే హ్యాంగర్ల మీద చల్లారిస్తే బాగయిపోతాయి, కొన్నిసార్లు మొదటిసారి వచ్చినవాటి కన్నా చార్పీ ఎక్కువే వస్తుంది, ఎందుకంటే ఫోర్జింగ్ వేడిలో పెరిగిన గ్రెయిన్లు రెండోసారి చిన్నవవుతాయి.

సీజన్ తేడా కూడా ఉంది. 900 దగ్గర ఉన్న ఇనుముకి బయట గాలి 15 డిగ్రీలా 43 డిగ్రీలా అన్నది పెద్ద లెక్క కాదు, కానీ పార్టు 450కి వచ్చాక ఆ తేడా ఆరేడు శాతం దాకా పోతుంది. జనవరి తెల్లవారుజామున లోడింగ్ షట్టర్ తెరిచి ఉంటే చేతుల హార్డ్‌నెస్ పెరగడం రికార్డుల్లో స్పష్టంగా కనిపించింది. షట్టర్ వైపు రేకు గోడ కట్టించాం. మే నెలలో డ్రైవ్ స్పీడు కొంచెం పెంచుతాం, ఆ టేబుల్ ఫ్యాన్ ప్యానెల్ మీద అతికించి ఉంది. ఎవరికి తోచినట్టు వాళ్లు తిప్పకుండా ప్యానెల్‌కి తాళం వేశాం, తాళం చెవి ఫోర్‌మన్ అన్న దగ్గరే.

హార్డ్‌నెస్ చూడటం మానలేదు, కస్టమర్ అడుగుతాడు కాబట్టి. కానీ లాటు పంపాలా వద్దా అన్నది ఇప్పుడు దాన్ని బట్టి కాదు. ప్రతి షిఫ్టుకీ ఒక పార్టు కోసి బాస్ మధ్యలో లెపెరా ఎచ్, తెల్ల గడ్డలు ఒక హద్దు దాటితే ఆ షిఫ్టు బిన్నులు పక్కకి. చార్పీ వారానికి ఒకసారి. థర్మోకపుల్ ఊరేగింపు డై మారినప్పుడల్లా, హ్యాంగర్ మారినప్పుడల్లా. పార్టు కోయడం అంటే నష్టం అని మొదట్లో గొడవ పెట్టిన క్వాలిటీ హెడ్డే ఇప్పుడు ఆ ఫోటోలు కస్టమర్ ఆడిట్‌లో ముందుగా చూపిస్తాడు.

ఇప్పుడు అదే కస్టమర్ ఇంకా పెద్ద నకిల్ అడుగుతున్నాడు, బాస్ 75 మిల్లీమీటర్లు. ఈ గ్రేడుతో అంత మందం మధ్యలో సెకనుకి ఒక డిగ్రీ తేవాలంటే గాలి చాలదు, ఫెరైట్ తప్పదు. నీళ్ల తుంపర కొడదామని ఒక ప్రతిపాదన ఉంది, చేతులు ఏమవుతాయో తెలిసీ దానికి నేను ఒప్పుకోవడం లేదు. మాలిబ్డినం 0.25 దాకా ఉన్న గ్రేడు ఇస్తారా అని మిల్లుని అడిగాం. ధర పెరుగుతుంది, బెయినైట్ మొదలయ్యే వేడి ఇంకో 12 డిగ్రీలు దిగుతుంది, కాబట్టి టన్నెల్ సెట్టింగ్ కూడా మళ్లీ చూడాలి. ట్రయల్ బార్లు వస్తే ముందు రంధ్రం కొట్టి థర్మోకపుల్ దించుతాం, హార్డ్‌నెస్ ఆ తర్వాత.